కౌంటర్ వెనుక ఒక స్టూలు వేయించండి: రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కార్మిక శాఖ మంత్రులకు, కార్మిక కమిషనర్లకు, రెండు శాసనసభల సభ్యులకు, మహిళా కమిషన్లకు నమస్కరించి రాయునది.

నేను బట్టల దుకాణాల్లో, ఎక్కువ కాలం చీరల సెక్షన్‌లో, పదమూడేళ్లు సేల్స్‌గర్ల్‌గా పనిచేశాను. దుకాణం పేరు గానీ ఊరి పేరు గానీ ఈ లేఖలో రాయడం లేదు. ఒక్క యజమాని మీద ఫిర్యాదుగా దీన్ని చదివితే అసలు విషయం పక్కకు పోతుంది. పైగా నాతోపాటు అర్జీ మీద సంతకం చేసిన ఆడవాళ్లలో చాలామంది ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

ఆ అర్జీ సంగతి ముందు చెప్పాలి. ఒక ఏడాది ఆషాఢం సేల్ ముగిసిన వారానికి మా ఫ్లోర్‌లో పనిచేసే పంతొమ్మిది మందిమి ఒక పేజీ అర్జీ రాసుకొని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాం. మేము అడిగింది చాలా చిన్న విషయం. బేరం లేని సమయంలో మమ్మల్ని కూర్చోనివ్వాలి, కూర్చోవడానికి కౌంటర్ వెనుక స్టూళ్లు ఉండాలి, బాత్రూమ్‌కు వెళ్లినందుకు లెక్క అడగకూడదు. మొదటిసారి ముద్ర వేసి రసీదు ఇచ్చారు. రెండు నెలలు చూసి మళ్లీ వెళితే ఫైలు పైకి పంపామన్నారు. మూడోసారి సోమవారం నాడు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇచ్చాం. అది తిరిగి అదే కార్యాలయానికి వచ్చింది. అక్కడి అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి, మర్యాదగానే మాట్లాడి, చివరికి ఇలా అన్నారు: "దుకాణాల చట్టంలో కుర్చీ అనే మాటే లేదమ్మా. లేనిదాని మీద నేను నోటీసు ఎలా ఇవ్వను? మీ ఓనర్‌గారితోనే మాట్లాడుకోండి."

ఆయన అన్నది అబద్ధం కాదు. అందుకే ఈ లేఖ ఆ అధికారి మీద ఫిర్యాదుగా రాయడం లేదు. ఆ మాటను చట్టంలో రాయగలిగిన మీకు రాస్తున్నాను.

మా పని ఎలా ఉంటుందో తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఉదయం తొమ్మిదిన్నరకల్లా యూనిఫామ్ చీర కట్టుకొని, జడ వేసుకొని, హాజరు వేయించుకొని ఫ్లోర్ మీద ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకు, సీజన్‌లో అయితే పదిన్నరకు, చివరి కస్టమర్ మెట్లు దిగాక మేము విప్పిన చీరలన్నీ మడతలు పెట్టి ర్యాకుల్లో సర్దాలి. మధ్యలో భోజనానికి వంతులవారీగా అరగంట ఇస్తారు. మిగిలిన సమయమంతా నిలబడే ఉండాలి. కస్టమర్లకు మెత్తని స్టూళ్లు ఉంటాయి. మాకు ఉండవు, వారి స్టూళ్లు ఖాళీగా ఉన్నా మేము వాటి మీద కూర్చోకూడదు. ర్యాకుకు ఆనుకోకూడదు, కౌంటర్ మీద మోచేతులు పెట్టకూడదు. మంగళవారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఫ్లోర్ మీద ఒక్క కస్టమర్ కూడా లేకపోయినా, చేతులు ముందుకు కట్టుకొని మెట్ల వైపు చూస్తూ నిలబడాలి. తలపైన సీసీ కెమెరా ఉంటుంది, సూపర్‌వైజర్ చేతిలో వాకీటాకీ ఉంటుంది.

ఒక రోజు జరిగింది చెబుతాను. శ్రావణంలో పెళ్లి బట్టలకని ఒక పల్లెటూరి నుంచి పదిమంది వచ్చారు. వారిలో డెబ్భై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ ఉన్నారు. నేను రెండు గంటలుగా చీరలు విప్పి చూపుతున్నాను. వాళ్లలో వాళ్లు రంగు గురించి మాట్లాడుకుంటూ ఉండగా ఆవిడ తన పక్కనున్న ఖాళీ స్టూలును చేత్తో తట్టి, "కాసేపు కూచో తల్లీ, కాళ్లు పీకవూ?" అన్నారు. నేను నవ్వి, "పర్లేదు అమ్మమ్మా" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టారు. ఒక్క నిమిషం కూడా అయి ఉండదు. ఆ నెల జీతంలో రెండు వందలు తగ్గాయి. అడిగితే "కస్టమర్ ముందు కూర్చున్నందుకు" అన్నారు. రెండు వందల కన్నా నన్ను ఎక్కువగా బాధించింది వేరే ఉంది. ఆవిడ నన్ను లాగి కూర్చోబెడుతున్నప్పుడు నేను ఆవిడ ముఖం చూడలేదు, పైన ఉన్న కెమెరా వైపు చూశాను.

ఈ పని పద్ధతి వల్ల ఆడవాళ్ల జీవితాల్లో ఏం జరుగుతోందో మీ ముందు ఉంచుతున్నాను.

1. మొదట దెబ్బ తినేది కాళ్లు. పనిలో చేరిన కొత్తలో మా అమ్మ పెట్టిన వెండి పట్టీలు నాకు ఉండేవి. పొద్దున వదులుగా, నడుస్తుంటే కిందికి జారేవి. రాత్రికి చర్మంలోకి దిగి, విప్పితే చుట్టూ ఎర్రటి గీత కనిపించేది. మూడో ఏడాది వాటిని తీసి దాచేశాను. మాలో చాలామంది పట్టీలు పెట్టుకోరు. కారణం అడిగితే అందరూ అదే చెబుతారు. ఆ తరువాత పిక్కల వెనుక నీలం నరాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. దాన్నే డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు. కదలకుండా గంటల తరబడి నిలబడితే కాళ్లలోని రక్తం గుండెకు తిరిగి ఎక్కడం కష్టమవుతుంది, నరాల్లోని కవాటాలు వదులవుతాయి, రక్తం కిందే నిలిచిపోతుంది. నడిచేవారికి పిక్క కండరం పంపులా పనిచేస్తుంది. ఒకే చోట నిలబడేవారికి ఆ సాయం కూడా ఉండదు. నాతో పనిచేసిన ఒక అక్కకు చీలమండ దగ్గర పుండు పడి ఎనిమిది నెలలు మానలేదు. డాక్టర్ ఆమెకు చెప్పిన మందు "నిలబడే పని మానేయండి". ఆమె మానేసింది. ఇంట్లో ఆమె జీతం తప్ప నెలకు ఇంత అని వచ్చే డబ్బు మరేదీ లేదు.

2. రెండోది, పైకి చెప్పుకోలేక దిగమింగుకునేది, మూత్రం ఆపుకోవడం. పెద్ద దుకాణాల్లో సిబ్బంది బాత్రూములు తరచుగా సెల్లార్‌లోనో అన్నిటికంటే పై అంతస్తులోనో ఉంటాయి, లిఫ్టు కస్టమర్లకే. మా దగ్గర ఒక పుస్తకం ఉండేది. వెళ్లిన సమయం, వచ్చిన సమయం అందులో రాసి సంతకం చేయాలి. పది నిమిషాలు దాటితే నలుగురి ముందు పిలిచి అడిగేవారు. ఆ పుస్తకానికి భయపడి మేము నీళ్లు తాగడం తగ్గించాం. మే నెలలో కూడా మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోవడమే తప్ప గ్లాసు నీళ్లు పూర్తిగా తాగని ఆడపిల్లలు నాకు తెలుసు. మూత్రంలో మంట, జ్వరం, మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్లు మా మధ్య ఎంత మామూలు అంటే, అందరి బ్యాగుల్లోనూ అవే మాత్రలు ఉండేవి.

3. నెలసరి రోజుల గురించి రాయడానికి నేను సంకోచించను. లేత రంగు యూనిఫామ్ చీరలో పన్నెండు గంటలు నిలబడి, ప్యాడ్ మార్చుకోవడానికి అనుమతి అడగాల్సి రావడం, అదీ ఒక మగ సూపర్‌వైజర్‌ను అడగాల్సి రావడం, పద్దెనిమిదేళ్ల పిల్లకు ఎలా ఉంటుందో మీ ఇళ్లలోని ఆడపిల్లలను అడిగితే చెబుతారు.

4. గర్భిణుల విషయంలో చట్టం ఉంది, కానీ దుకాణం దాకా రాలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, ఎక్కువసేపు నిలబడాల్సిన పని గర్భిణికి హానికరమని స్పష్టంగా గుర్తించింది. కాన్పుకు ముందు ఆరు వారాలలోనూ, ఆ ఆరు వారాలకు ముందు ఒక నెలలోనూ ఆమె కోరితే అలాంటి పని చేయించకూడదని అందులో రాశారు. ఆ చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. 2025 నవంబర్‌లో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ మాటలు ఉన్నాయి. అయితే మా అనుభవంలో అంతదాకా రానే రాదు. కడుపు కనిపించగానే "ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమ్మా, బిడ్డ పుట్టాక రా" అంటారు. ఆ మాటలో దయ వినిపిస్తుంది, కానీ సెలవు జీతం ఉండదు. తిరిగి వచ్చినప్పుడు పాత సర్వీసు ఉండదు, కొత్తగా చేరినట్టే రాసుకుంటారు. అందువల్ల నాలుగైదు నెలల దాకా విషయం దాచిపెట్టి, కడుపుతోనే పన్నెండు గంటలు నిలబడేవారే ఎక్కువ.

5. ఈ పని ఆడవాళ్లను త్వరగా బయటికి పంపేస్తుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు చేరతారు. నలభై దాటేసరికి మోకాళ్లు, నడుము, నరాలు సహకరించక మానేస్తారు. ఈఎస్ఐ ఉన్నవారు డిస్పెన్సరీకి వెళ్లాలంటే సెలవు పెట్టాలి, సెలవు పెడితే జీతం పోతుంది. నా మటుకు నేను చూసినంతలో కార్డు లేనివారే ఎక్కువ. ఇంటికి చేరేది రాత్రి పదిన్నరకు. అన్నం వండాలి, పిల్లల యూనిఫామ్ ఉతకాలి, పొద్దున ఐదింటికి నీళ్లు పట్టాలి. దుకాణంలో దొరకని పది నిమిషాల విశ్రాంతి ఇంట్లో దొరుకుతుందని ఎవరైనా అనుకుంటే, వారు ఆడవాళ్లు పనిచేసే ఇల్లు చూడలేదన్నమాట.

మగ సిబ్బంది కూడా నిలబడే పనిచేస్తారు, నిజమే. మేము అడిగే హక్కు వారికీ రావాలి. కానీ మాకూ వారికీ తేడా ఉంది. వాళ్లు మధ్యలో టీ తాగడానికి వీధిలోకి వెళ్లి అరుగు మీద ఐదు నిమిషాలు కూర్చొని వస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఆడవాళ్లు గేటు దాటితే అది పెద్ద విషయం. పైగా చీరల కౌంటర్లలో ఆడవాళ్లనే ఎందుకు పెట్టుకుంటారో ఆ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. తక్కువ జీతానికి వస్తారు, ఎదురు చెప్పరు, యూనియన్ పెట్టరు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లోనే వచ్చినా, అదే ఫ్లోర్‌లో అదే పనికి మగవారికి ఎక్కువ, మాకు తక్కువ ఇవ్వడం నేను కళ్లారా చూశాను. నిలబెట్టడం కూడా ఈ వరుసలోదే. ఖాళీ ఫ్లోర్ మీద నిలబడినంత మాత్రాన ఒక్క చీర కూడా అదనంగా అమ్ముడుపోదు. ఆడమనిషి అణిగి ఉందని కెమెరాలో కనిపించడానికి తప్ప ఆ నిలబడటం ఎందుకూ పనికిరాదు.

కూర్చుంటే వ్యాపారానికి గౌరవం తగ్గుతుందని కొందరు యజమానులు అంటారు. ఈ మాట మన ఊళ్లలో పుట్టింది కాదు. పాత బట్టల కొట్లు చూసినవారికి గుర్తుండే ఉంటుంది: తెల్లని పరుపుల మీద కొనేవారూ కూర్చునేవారు, గుమాస్తా కూడా బాసింపట్టు వేసుకొని కూర్చునే తానులు విప్పేవాడు, కూర్చునే చీర కుచ్చిళ్లు పట్టి చూపేవాడు. ఆ కొట్ల వ్యాపారం తగ్గలేదు, ఆ గుమాస్తాల గౌరవమూ తగ్గలేదు. గుమాస్తా స్థానంలోకి తక్కువ జీతానికి ఆడపిల్ల వచ్చిన తరువాతే కూర్చోవడం తప్పయింది.

మేము కొత్తగా ఏదో వింత కోరడం లేదని చెప్పడానికి కొన్ని సంగతులు గుర్తుచేస్తాను. ఇంగ్లండ్‌లో దుకాణాల్లో పనిచేసే ఆడవారికి కుర్చీలు వేయాలని 1899లోనే చట్టం చేశారు; ముగ్గురు ఆడ ఉద్యోగులకు కనీసం ఒక కుర్చీ ఉండాలన్నది దాని లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో దుకాణాలు, కార్యాలయాల పరిశుభ్రతపై చేసిన 120వ ఒప్పందంలో, తగినన్ని ఆసనాలు ఇవ్వడంతోపాటు వాటిని వాడుకునే అవకాశం కూడా ఇవ్వాలని ఉంది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేయాల్సిన కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. అంటే అదే చీరను మిల్లులో నేసే మనిషికి కూర్చునే ఏర్పాటు ఉండాలని స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే రాసుకున్నాం. దాన్ని దుకాణంలో అమ్మే మనిషికి మాత్రం మన రాష్ట్రాల దుకాణాల చట్టంలో ఇప్పటికీ రాయలేదు.

తోటి దక్షిణాది రాష్ట్రాల అనుభవం మరీ ముఖ్యం. కేరళలో కోజికోడ్ మిఠాయి తెరువులోని దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు, పి. విజి అనే దర్జీ పని చేసుకునే మహిళ నాయకత్వంలో, 2009లో 'పెన్‌కూట్టు' అనే సంఘం పెట్టుకున్నారు. వారు మొదట అడిగింది మరుగుదొడ్లు, తరువాత అడిగింది కూర్చునే హక్కు. 2014 చివర్లో త్రిస్సూర్‌లో ఒక పెద్ద బట్టల దుకాణం ముందు ఆరుగురు ఆడవాళ్లు ఎండలో కూర్చొని నూరు రోజులకు పైగా సమ్మె చేశారు. కూర్చోవడమే డిమాండు గనుక ఆ పోరాటానికి కూర్చునే సమ్మె అనే పేరు వచ్చింది. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు తన చట్టంలో 22-ఏ అనే సెక్షన్ చేర్చింది. పని మధ్యలో కూర్చోవడానికి దొరికే ఏ అవకాశాన్నైనా వాడుకునేలా ప్రతి సంస్థలోనూ ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండాలన్నది దాని సారాంశం. చెన్నైలో, కొచ్చిలో అదే బట్టల వ్యాపారం నడుస్తోంది. ఆ రెండు రాష్ట్రాల్లో స్టూళ్లు వేయగలిగినప్పుడు ఇక్కడ ఎందుకు వేయలేరో మాకు తెలియడం లేదు.

మన దగ్గర ఉన్నది 1988 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. విడిపోయాక రెండు రాష్ట్రాలూ దాన్నే కొనసాగించాయి. పోనీ ఈ చట్టాన్ని ఎవరూ ముట్టుకోరా అంటే, ఇటీవల చాలాసార్లే ముట్టుకున్నారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం, షరతులతో, దుకాణాలను 24 గంటలూ తెరిచి ఉంచుకునే వీలు కల్పించింది. 2025లో తెలంగాణలో దుకాణాలు మినహా మిగతా వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల దాకా పని చేయించుకునే అనుమతి వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోనూ పని గంటల పరిమితిని పెంచి, ఆడవారి రాత్రి పనికి వీలు కల్పించే సవరణలు చేశారు. వ్యాపారం సులభం కావాలంటే చట్టం నెలల్లో మారగలదని దీన్నిబట్టి మాకు అర్థమైంది. పని గంటలు పెంచిన కలంతోనే, ఆ గంటల్లో కాసేపు కూర్చోవచ్చని ఒక వాక్యం రాసి ఉంటే ఖజానాకు ఒక్క రూపాయి కూడా ఖర్చయ్యేది కాదు.

కేంద్ర చట్టం ఉంది కదా అనే సమాధానం మాకు రావచ్చు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిలబడి పనిచేయాల్సిన కార్మికులందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని దాని 24వ సెక్షన్‌లో ఉంది. ఇది మాకు ఆశ కలిగించే సంగతే. కానీ ఆ కోడ్ సాధారణంగా పది మంది, అంతకు మించి పనివారున్న చోట్లకే వర్తిస్తుంది. నలుగురో ఐదుగురో ఆడపిల్లలు పనిచేసే ఫ్యాన్సీ షాపులు, మ్యాచింగ్ సెంటర్లు, చెప్పుల దుకాణాలు, మందుల షాపులు మన ప్రతి ఊరి మెయిన్ రోడ్డు పొడవునా ఉన్నాయి. అవన్నీ బయటే మిగిలిపోతాయి. పెద్ద దుకాణాల్లో కూడా, ఎవరికి ఎన్ని ఆసనాలు, ఎక్కడ, ఎప్పుడు కూర్చోవచ్చు అన్న వివరం లేకపోతే, స్టాక్ రూమ్‌లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఏర్పాటు ఉందని రాసుకుంటారు. స్టాక్ రూమ్‌లో చీరల అట్టపెట్టెల మీద మేము ఇప్పటికే కూర్చుంటున్నాం. భోజనం వేళ ఆ పెట్టెల మీద వరుసగా కూర్చొని, కాళ్లు గోడకు ఎత్తి పెట్టుకొని, టిఫిన్ డబ్బా పొట్ట మీద పెట్టుకొని తినే ఆడపిల్లలను ఒక్కసారి చూస్తే, మీకు ఈ లేఖ ఇంత పొడవు రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

అందువల్ల మేము కోరుతున్నవి ఇవి:

1. రెండు రాష్ట్రాల దుకాణాలు, సంస్థల చట్టాలలోనూ కూర్చునే హక్కును ప్రత్యేక సెక్షన్‌గా చేర్చాలి. పనివారి సంఖ్యతో నిమిత్తం లేకుండా, ఒక్కరు పనిచేసే దుకాణానికి కూడా అది వర్తించాలి.

2. ఆసనం పనిచేసే చోటే, అంటే కౌంటర్ వెనుకే, ఉండాలి. మా కోరిక ప్రతి ఒక్కరికీ ఒకటి. అది వెంటనే కుదరదంటే, నూట పాతికేళ్ల క్రితం ఇంగ్లండ్ పెట్టుకున్న ముగ్గురికి ఒకటి అన్న లెక్క కంటే తక్కువ మాత్రం కాకూడదు.

3. బేరం లేని సమయంలో కూర్చున్నందుకు జీతం కోయడం, మెమో ఇవ్వడం, వేరే బ్రాంచికి బదిలీ చేయడం నేరంగా రాయాలి. ఈ మాట లేకుండా మొదటి రెండూ ఉన్నా ప్రయోజనం లేదు. మాకు స్టూళ్లు వేసిన తరువాత వాటిపై ఎవరూ కూర్చోకుండా చూసుకోవడం ఏ సూపర్‌వైజర్‌కూ కష్టం కాదు.

4. ఆడ సిబ్బంది పనిచేసే ప్రతి దుకాణంలో వారికి దగ్గరగా, గడియ ఉన్న, నీళ్లున్న మరుగుదొడ్డి ఉండాలి. వెళ్లివచ్చే సమయం రాయించే పుస్తకాలను నిషేధించాలి. దుకాణంలో స్థలం లేని పాత బజార్లలో మున్సిపాలిటీలు కార్మిక శాఖతో కలిసి ఆడవారికి మరుగుదొడ్లు కట్టించాలి.

5. గర్భిణులకు కూర్చొని చేసే పని, అంటే బిల్లింగ్, ప్యాకింగ్, ట్యాగులు వేయడం వంటివి, కోరకముందే ఇవ్వాలి. అడిగితేనే ఇవ్వాలన్న నిబంధన, అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట పనిచేయదు.

6. తనిఖీలు ఆషాఢం, శ్రావణం, దసరా, సంక్రాంతి సీజన్లలో, సాయంత్రం ఆరు తరువాత జరగాలి. ఇప్పుడు అధికారి వచ్చే రోజు ముందే తెలుస్తుంది. ఆ రోజు మా చేత ఏం చెప్పించాలో కూడా ముందే చెబుతారు. పనివారితో యజమాని ఎదుట కాకుండా విడిగా మాట్లాడాలి, మాట్లాడిన వారి పేరు బయటికి రాకూడదు.

7. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పది మంది ఉన్న ప్రతి దుకాణంలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువ ఉన్నచోట జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పదమూడేళ్లలో ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద అంటించిన దుకాణంలో నేను పనిచేయలేదు. కూర్చోవడానికీ బాత్రూమ్‌కూ మగ సూపర్‌వైజర్ దయ కావాల్సినచోట ఆ దయకు ఏ వెల అడుగుతారో మీరు ఊహించగలరు. ఈ తనిఖీని కూడా వాటితో కలిపి చేయాలి.

8. ఈ సవరణ ముసాయిదా రాసేటప్పుడు యజమానుల సంఘాలతో పాటు ఫ్లోర్ మీద పనిచేసే ఆడవారిని కూడా పిలవాలి. సెలవు దొరకదు గనుక, జీతం పోకుండా వచ్చేలా ఉత్తర్వు ఇచ్చి పిలవాలి.

దుకాణాల యజమానులకు ఒక్క మాట. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక మంచి పట్టుచీర ధరకు ఒక ఫ్లోర్ మొత్తానికి స్టూళ్లు వస్తాయి. కాళ్లు నొప్పిలేని మనిషి నలభయ్యో చీరను కూడా మొదటి చీర చూపినంత ఓపికగా చూపుతుంది. ఈ సంగతి కౌంటర్ వెనుక నుంచి ఎదిగివచ్చిన యజమానులకు నా కంటే బాగా తెలుసు.

కొనడానికి వచ్చే అక్కలకూ అమ్మలకూ కూడా ఒక కోరిక ఉంది. మేము కూర్చుంటే మీకు అభ్యంతరమని మా మేనేజర్లు చెబుతారు. మీ పేరు చెప్పే మమ్మల్ని నిలబెడుతున్నారు. బిల్లు కట్టేటప్పుడు, సలహాల పుస్తకంలోనో కౌంటర్ దగ్గరో, మాకు అభ్యంతరం లేదని ఒక్క వాక్యం రాసి వెళ్లండి. ఆ రోజు నన్ను కూర్చోబెట్టిన పెద్దావిడలా చెయ్యి పట్టుకొని లాగకండి, మా జీతం పోతుంది. రాసిన మాట మాత్రం వారు తీసివేయలేరు.

రాజ్యాంగం 42వ అధికరణం, న్యాయమైన, మానవీయమైన పని పరిస్థితులు కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. ఆ అధికరణం కిందే మేము మీ నుంచి రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. సవరణ తెస్తారా, తెస్తే ఏ సమావేశాల్లో తెస్తారు, తేకపోతే కారణం ఏమిటి అనే మూడింటికీ అరవై రోజుల్లో సమాధానం చెప్పండి. మా పాత అర్జీల రసీదులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ కార్యాలయం అడిగితే, సంతకాలు చేసినవారి ఉద్యోగాలకు హామీ ఇచ్చిన మీదట, వాటిని మీ ముందు పెడతాం.

ఆషాఢం సేల్‌కు ముందు ప్రతి ఏడాదీ దుకాణాల బయట "సేల్స్‌గర్ల్స్ కావలెను" అని బోర్డులు కడతారు. ఇంటర్ పరీక్షలు రాసి, ఫీజు డబ్బుల కోసం రెండు నెలలు చేద్దామని వచ్చే పిల్లలు వాటిని చూసి చేరతారు. నేనూ అలాగే చేరాను. వచ్చే ఆషాఢంలో ఆ బోర్డు చూసి చేరబోయే పిల్లకు మొదటి రోజే కౌంటర్ వెనుక ఒక స్టూలు ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
బట్టల దుకాణాల్లో పదమూడేళ్లు పనిచేసిన ఒక కార్మికురాలు,
అర్జీపై సంతకం చేసిన తోటి పద్దెనిమిది మంది తరఫున కూడా